పాత కంప్యూటర్లను తుక్కు చేయొద్దు

సంపాదకుల వారికి,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. 4వ తరం, 6వ తరం ఐ3 యంత్రాలు ఆ షరతుకు తూగవు. తూగనంత మాత్రాన అవి పాడైపోయినట్టు కాదు. బడుల్లో, కాలేజీల్లో, గ్రంథాలయాల్లో ఉన్న ఇలాంటి కంప్యూటర్లను కండెమ్ చేసి వేలానికి పెట్టే ముందు, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూడాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాం.

ఇది కొత్త కోరికేమీ కాదు. ప్రభుత్వ వ్యవస్థల్లో లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. అక్కడ కైట్ సంస్థ బడుల కోసం ప్రత్యేకంగా ఒక లినక్స్ తయారు చేసి, టీచర్లకు శిక్షణ కూడా ఇస్తోంది. మనకూ హైదరాబాద్‌లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ లాంటి సంస్థ ఉంది.

లినక్స్‌లో మింట్ ఒక రకం. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం సరిపోతుంది. 8 జీబీ ఉంటే సినమన్ రూపం వేసుకోవచ్చు. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. పాత సిస్టమ్ నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం హార్డ్ డిస్కే కాబట్టి, డబ్బు పెట్టదలిస్తే ముందు దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కు మీద పెట్టాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే బూట్ చేసి వైఫై, సౌండ్, ప్రొజెక్టర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇన్‌స్టాల్‌లో 'ఎరేజ్ డిస్క్' నొక్కితే ఉన్నదంతా పోతుంది. ఫైళ్లను అంతకుముందే వేరే డిస్కులోకి కాపీ చేయాలి.

ఆఫీసుల్లో అసలు చిక్కు ప్రింటర్ దగ్గర వస్తుంది. ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ఆ కంపెనీ సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. దాని లినక్స్ డ్రైవర్ కొత్త వెర్షన్లలో సతాయిస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) పంపాలి. హెచ్‌పీ ప్రింటర్ల లినక్స్ డ్రైవర్ అయిన హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా వేస్తే ఆ పని అదే చూసుకుంటుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది కాబట్టి అకౌంట్స్ విభాగంలో ఒక విండోస్ యంత్రం ఉంచుకోక తప్పదు.

తెలుగు టైపింగ్‌కు భయపడనక్కర్లేదు. ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు డీటీపీ వాళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు కూడా ఉంది. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లు మాత్రం యూనికోడ్ (ఏ ఫాంట్‌తోనైనా చదవగలిగే ఉమ్మడి పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. విండోస్ తీసేయకముందే వాటిని యూనికోడ్‌లోకి మార్చి దాచుకోవాలి.

ఇక ఆటల సంగతి. పిల్లలు ఇంట్లో విండోస్ వదలకపోవడానికి పెద్ద కారణం ఇదే. అందుకే ఇందులో నిజం చెప్పాలి. వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ వల్ల, ఆ సంస్థ ఆటల దుకాణం స్టీమ్‌లోని విండోస్ ఆటలు చాలా మటుకు లినక్స్‌లో ఆడుతున్నాయి. స్టీమ్ కొత్త వెర్షన్లలో ప్రోటాన్ దానంతట అదే ఆన్‌లో ఉంటుంది. ఎపిక్, గాగ్ అనే ఇతర ఆటల దుకాణాల్లో కొన్నవాటికి హీరోయిక్ లాంచర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, జావా మైన్‌క్రాఫ్ట్‌లకు ప్రోటాన్ కూడా అక్కర్లేదు. వాలరంట్, ఫోర్ట్‌నైట్, పబ్జీ పీసీ ఆట మాత్రం నడవవు. వాటి యాంటీ చీట్ (మోసపు ఆటను పట్టే సాఫ్ట్‌వేర్) లినక్స్‌ను రానివ్వదు. అలాంటి సాఫ్ట్‌వేర్లలో ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ఐ రెండింటిలోనూ లినక్స్‌కు వీలుంది, కానీ ఆట తయారుచేసినవాళ్లు దాన్ని అనుమతించాలి. అపెక్స్ లెజెండ్స్ 2024లో ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. జీటీఏ ఆన్‌లైన్ కూడా అదే ఏడాది మూసుకుపోయింది, కథ ఆట మాత్రం ఆడుకోవచ్చు. ఈ ఆటలే ప్రాణం అనుకునేవాళ్లు విండోస్‌లోనే ఉండటం మేలు.

గ్రాఫిక్స్ కార్డు పాతదైతే ఇంకో అడ్డంకి. ఇప్పటి ప్రోటాన్‌కు వల్కన్ 1.3 (ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతి) కావాలి. ఎన్‌విడియా జీటీ 710కి 470 డ్రైవరే ఆఖరు, అందులో వల్కన్ 1.2 దాకే ఉంది. 4వ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వల్కన్ అసంపూర్తిగా ఉంది. 6వ తరం నుంచి ఆ ఇబ్బంది లేదు. సెక్యూర్ బూట్ (బూట్ సమయంలో సాఫ్ట్‌వేర్‌ను తనిఖీ చేసే రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు ఎన్‌విడియా డ్రైవర్ వేస్తే, రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు. తర్వాత ఆట తెరుచుకోలేదని లినక్స్‌ను తిట్టుకుంటారు.

రెండు సిస్టమ్‌లూ ఉంచుకునేవాళ్లు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి, లేకపోతే ఆ డిస్కులో ఫైళ్లు రాయడం లినక్స్‌కు వీలుకాదు. ఆటలను విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో ఉంచితే ప్రోటాన్ మొరాయిస్తుంది, వాటికి లినక్స్ సొంత ఈఎక్స్‌టీ4 పద్ధతిలో వేరే పార్టిషన్ కావాలి. విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే కంగారు పడొద్దు. లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన సమయం దాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. లినక్స్‌ను లోకల్ టైమ్‌కు మారిస్తే సరిపోతుంది.

విద్యాశాఖలు ముందుగా జిల్లాకు ఒక ల్యాబ్ తీసుకుని ఒక విద్యా సంవత్సరం నడిపి చూడాలి. ల్యాబ్ అసిస్టెంట్లకు వేసవి సెలవుల్లో శిక్షణ ఇవ్వాలి. ఇకపై కొనే ప్రింటర్లు, స్కానర్ల టెండర్లలో లినక్స్‌లో పనిచేయాలన్న షరతు రాయాలి. ఏ షరతూ లేకుండా కొంటే, రేపు మారదామన్నా ఆ ప్రింటర్లే అడ్డం నిలబడతాయి.

— కొందరు కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్లు, హనుమకొండ