ఇరవై రూపాయలు ఇచ్చి మరీ నా ఆటో ఎక్కిన పెద్దాయనకి

సెల్‌ఫోన్ దొంగతనం కేసులో మావాడికి వేసిన కౌన్సెలింగ్ నిన్నటితో అయిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున బండి తీశాను గానీ రెండు బేరాలు వేసి, విజయవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పక్కకి ఆపుకుని ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. పేర్లు రాయను. కేసులో ఉన్న పిల్లల పేరు గానీ, బడి పేరు గానీ, వాళ్ళని గుర్తుపట్టే ఏ వివరమైనా గానీ బయటపెట్టకూడదని పిల్లల కేసులకి ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74లోనే ఉందట. అది నాకు చెప్పింది కూడా ఆ పెద్దాయనే. కాబట్టి నా పేరూ ఉండదు. ఆయన పేరన్నా రాద్దామంటే ఒప్పుకోలేదు. బాబాయి గారు అనే రాస్తాను.

మావాడికి పదిహేనేళ్ళు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇళ్ళ మీద పడ్డప్పుడు ఆటో ఇంజను నిండా బురదే, వాడి పుస్తకాలు బీరువాలోనే ఉబ్బిపోయాయి. ఆ తర్వాత నేను కిస్తీల టెన్షన్‌లో పడి వాణ్ణి గాలికొదిలేశాను. బడి ఎగ్గొట్టి బైకుల షెడ్డుకి వెళ్తున్నాడని నాకు తెలిసేసరికి నాలుగు నెలలు. అప్పటికే ఒక బ్యాచ్ తయారైంది, చొక్కాకి మత్తు కోసం పీల్చే వైట్‌నర్ వాసన. కొట్టాను. మళ్ళీ కొట్టాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఒకరోజు సాయంత్రం బీసెంట్ రోడ్డులో షాపు కౌంటర్ మీది సెల్‌ఫోన్ తీసుకుని ముగ్గురు పిల్లలు పరుగెత్తారు. జనం పట్టుకున్నారు. ముగ్గురిలో ఒకడు మావాడు.

స్టేషన్‌కి వెళ్ళగానే నేను చేసిన పని అందరి ముందూ వాణ్ణి చెంపమీద కొట్టడం. బయటికొస్తే గేటు దగ్గర ఒకడు, ఎవడో కూడా తెలియదు, పదివేలు చూసుకో పేరు లేకుండా చేయిస్తా అన్నాడు. బండి ఆర్‌సీ తాకట్టు పెడదామని ఫోన్ తీశాను. అప్పుడు వచ్చారు బాబాయి గారు. తెల్ల చొక్కా, చంకలో రెక్సిన్ బ్యాగు. ప్లీడరేమో అనుకున్నాను. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన మనిషి. ఉచితంగా న్యాయసాయం చేసే న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా, అంటే ప్లీడరు కాకపోయినా చట్టం సంగతులు చెప్పి సాయం చేసే మనిషిగా, తిరుగుతున్నారు.

"ఆ ఫోన్ జేబులో పెట్టుకో బాబూ" అని బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పారు. ఏడేళ్ళో అంతకన్నా ఎక్కువో శిక్ష పడే నేరం కాదు, పెద్దవాళ్ళెవరూ ఇందులో లేరు, ముగ్గురూ పద్దెనిమిది లోపు వాళ్ళే. ఇలాంటి వాటికి ఎఫ్ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితి మీద ఒక రిపోర్టు కలిపి పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపుతారు. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వెయ్యకూడదు. పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లోపు బోర్డు ముందు పెట్టాలి. లాయరు కావాలంటే 15100కి ఫోన్ చెయ్యి, పిల్లల విషయంలో ఆదాయం ఎంతని కూడా అడగరు. ఎవరికీ రూపాయి ఇవ్వకు. టికెట్ ఎంతో చెప్పినంత తేలిగ్గా చెప్పుకుంటూ పోయారు. గేటు దగ్గరి మనిషి మెల్లగా జారుకున్నాడు.

ఆ రాత్రి ఆయన్ని ఇంటి దగ్గర దింపితే ఇరవై రూపాయలు తీసిచ్చారు. దణ్ణం పెట్టి వద్దన్నాను. "ఇరవై ఏడేళ్ళు టికెట్లు కొట్టినవాణ్ణి. టికెట్ లేకుండా నన్నెక్కిస్తావా?" అన్నారు.

బోర్డులో మేజిస్ట్రేటు గారు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. కోర్టు బోను ఉంటుందని భయపడ్డాను, మామూలు గదే. వాళ్ళు మావాడితో మాట్లాడి, మందలించి, కేసుల్లో పిల్లల్ని ఉంచే హోమ్‌కి పంపకుండా కౌన్సెలింగ్‌కి పంపారు. వాడితోపాటు నేనూ, మా ఆవిడా కూడా వెళ్ళాలన్నారు. దొంగతనం చేసింది వాడైతే నాకెందుకు కౌన్సెలింగ్ అని లోపల మండింది. మొదటి రోజు బాబాయి గారు నన్నే అడిగారు, వాడు ఏ సెక్షన్‌లో చదివేవాడు, పక్కన ఎవరు కూర్చునేవారు అని. ఆటోకి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏ తేదీకి అయిపోతుందో నిద్రలో లేపినా చెప్తాను. దీనికి జవాబు లేదు. ఆయన ఒక్క మాట అనలేదు, వేరే సంగతిలోకి వెళ్ళిపోయారు.

అసలు రాయాల్సింది నాలుగో వారం సంగతి. ఇంట్లో రెండు వందలు కనపడలేదు. నిద్రపోతున్నవాణ్ణి లేపి జేబులు వెతికాను. వాడు ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. రెండు వందలు నా ఖాకీ చొక్కాలోనే ఉన్నాయి. రాత్రి పదకొండుకి బాబాయి గారికి ఫోన్ చేశాను. మంకీ క్యాప్ పెట్టుకుని దిగి, "బస్టాండుకి పోనీ. ఇల్లొదిలి వచ్చిన పిల్లలు దూరం వెళ్ళే బస్సుల దగ్గరే కూర్చుంటారు, ఎక్కడానికి డబ్బులుండవు" అన్నారు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో హైదరాబాద్ బస్సులు ఆగే వైపు, స్తంభానికి ఆనుకుని ఉన్నాడు మావాడు. "నువ్వు రాకు" అన్నారు. నేను కూల్‌డ్రింకుల బండి వెనక నిలబడ్డాను. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది, కింద కూర్చోకూడదు. కూర్చున్నారు. దాదాపు గంట. ఏం బోధ చేశారా అని తర్వాత మావాణ్ణి అడిగితే, "ఏ ఊరికి ఎంత టికెట్టో అడిగా, తాతయ్య అన్నీ చెప్పారు" అన్నాడు. అంతే!

ఆయన లేవలేకపోతే వాడే చంకల కింద చేతులేసి లేపాడు. ఆటోలో ఆయన వాడి భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. వాడు భుజం కదల్చకుండా బిగబట్టుకుని కూర్చున్నాడు, గతుకొస్తే చేత్తో ఆయన తల పట్టుకుంటున్నాడు. అద్దంలో అది చూసి నాకు రోడ్డు కనపడలేదు. గ్యాస్ చూస్తానని చెప్పి బండి ఆపి, వెనక్కి వెళ్ళి ఏడ్చాను. దిగేటప్పుడు మళ్ళీ ఇరవై. "నైట్ ఛార్జీ అడగవేం?" అని నవ్వారు. ఆ నోటు మావాడు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను అడగలేదు.

బాబాయి గారూ, మీ ఋణం తీర్చుకునే దారి నాకు తెలియదు.

ఒక్క సంగతి మాత్రం అనక తప్పదు. ఈ చట్టం 2015లో చేశారు, 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. పిల్లలకి ఎఫ్ఐఆర్ ఎప్పుడు ఉండదో స్టేషన్ గోడ మీద నాలుగు లైన్లు రాయడానికి ఎంత పెయింటు కావాలి? పదివేలు అడిగినవాడికి చట్టం తెలియక కాదు, నాకు తెలియదని వాడికి తెలుసు. పిల్లల సంగతి చూసే అధికారి బందోబస్తుకి వెళ్ళారని రెండుసార్లు తిప్పారు, రెండు రోజుల బాడుగ పోయింది. కౌన్సెలింగ్ గదిలో మనిషి మారిన ప్రతిసారీ మావాడు దొంగతనం కథ మొదట్నుంచీ చెప్పాలి. మళ్ళీ చేర్చుకోమని వెళ్తే ఒక బడివాళ్ళు గుమ్మంలోంచే పంపేశారు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాం, ఆ ఫారం నింపిందీ ఆయనే.

మా ఆవిడ, మా బావగారు, అత్తయ్య అంతా చూసుకున్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ సెల్‌ఫోన్ షాపాయన ఫోన్ దొరికింది చాలని ఊరుకున్నారు, ఆయనకి నమస్కారం. బోర్డులో మావాడికి మంచినీళ్ళు ఇచ్చిన మేడమ్ గారికి కూడా. ఆటో స్టాండులో నా వంతు పోకుండా చూసిన మిత్రులకి. ఇంకా, ఆ రాత్రి మావాడు ఇటే ఉన్నాడని చెయ్యి చూపించిన బస్టాండు స్వీపర్ అమ్మకి, పేరైనా అడగలేదు.

ఇంటికొచ్చి ఇది మావాడికి చూపించాను. "షెడ్డు మేస్త్రి పేరెత్తలేదేం? బ్యాచ్‌తో తిరగొద్దని నీకన్నా ముందు చెప్పింది ఆయనే" అన్నాడు. ఆయన్ని నేను స్టాండులో అందరి ముందూ బూతులు తిట్టి ఉన్నాను. మేస్త్రీ, సాయంత్రం వస్తాను.