తనిఖీలో దొరికిన తప్పు ఏమైందో చూడటానికి రెండోసారి రండి

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక, కర్మాగారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసి, షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. గాజువాకలో ఉంటున్నాను. ప్రమాదం జరిగాక మంత్రులు, అధికారులు ఎంత పరుగున వస్తారో మా ఊరు చాలాసార్లు చూసింది. నేను రాస్తున్నది అంతకుముందు రోజుల గురించి. తనిఖీలో తప్పు దొరుకుతుంది, కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత ఏమవుతోందన్నదే నా బాధ.

మా ప్లాంటులో జరిగింది చెప్తాను. ఫ్యాక్టరీ పేరు రాయను, అక్కడ ఇప్పటికీ పనిచేస్తున్నవాళ్లు నావాళ్లే. తనిఖీ ఉందని తెలిసిన మూడు రోజులూ ప్లాంటంతా పెయింట్ వాసనే. యాసిడ్ ట్యాంకుల దగ్గరున్న సేఫ్టీ షవర్‌కి, అంటే ఒంటి మీద యాసిడ్ పడితే గొలుసు లాగి కడుక్కునే నీళ్ల గొట్టానికి కూడా ఆకుపచ్చ రంగు వేశారు. వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు పని తెలిసిన మనిషి. రంగు చూసి ముందుకు వెళ్లిపోలేదు, ఆగి తన చేత్తోనే గొలుసు లాగారు. పైపు గుర్రుమంది. గ్లాసుడు తుప్పునీళ్లు కారి ఆగిపోయాయి. ఆయన అక్కడే నిలబడి రాసుకున్నారు. ఎన్నో నెలలుగా మేం లాగ్‌బుక్కులో రాస్తున్న మాటే అది. ఇక బాగుపడుతుందని నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

నెల తిరిగేసరికి మేనేజ్‌మెంట్ 'సరిచేశాం' అని జవాబు పంపింది, ఫోటో కూడా జత చేసింది. ఆ కాపీ ఆఫీసులో నా కంటపడింది. ఫోటోలో ఉన్న షవర్ మాది కాదు, పక్క బ్లాకుది. వెనక గోడకున్న తెల్ల టైల్స్ చూస్తేనే తెలిసిపోయింది. ఆ జవాబుతో ఫైలు మూసేశారు. షవర్ చూడటానికి మళ్లీ ఎవరూ రాలేదు.

అయిదో నెలలో ఒక నైట్ షిఫ్టు. పైపు జాయింటు దగ్గర లీకు కాకుండా వేసే గ్యాస్కెట్ పోయి, పార్వతీపురం నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కుర్రాడి ముఖం మీద యాసిడ్ చిమ్మింది. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాడు, పక్కనుంచి లోపలికి దిగింది. వాడు మేం నేర్పినట్టే చేశాడు. కళ్లు మూసుకుని, రెయిలింగ్ తడుముకుంటూ షవర్ కిందికి వెళ్లి గొలుసు లాగాడు. నీళ్లు రాలేదు. మళ్లీ లాగాడు. కంట్లో యాసిడ్ పడితే క్షణం ఆలస్యం చేయకుండా కనీసం పదిహేను నిమిషాలు నీళ్లధార కింద ఉండాలని ప్రతి సేఫ్టీ క్లాసులో చెప్పేవాణ్ణి. మేం క్యాంటీన్ నుంచి బకెట్లు మోసుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఎడమ కన్ను పోయింది.

ఆ ఫోటో సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పే. కానీ ఇన్‌స్పెక్టర్ గారు ఏం రాశారో, ఎప్పటిలోగా సరిచేయమన్నారో ఆ షవర్ పక్కన పనిచేసే ఒక్కడికీ తెలియదు. తెలిసుంటే నేను కాకపోయినా ఇంకొకడు అడిగేవాడు.

తర్వాత చట్టం తెప్పించుకుని చదివాను. అప్పట్లో అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాని ప్రకారం కేసు ఇన్‌స్పెక్టరే పెట్టాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతి ఉండాలి. అదీ తప్పు తన దృష్టికి వచ్చిన మూడు నెలల్లోపు. రాసి ఇచ్చిన ఆర్డరును ధిక్కరిస్తే కేసు పెట్టే గడువు ఆరు నెలలు. నోటీసు, దానికి జవాబు, మళ్లీ ఒక ఉత్తరం, ఇంతలోనే గడువు కరిగిపోతుంది. భద్రతా నియమాలు తప్పినందువల్ల మనిషి చనిపోతే కనీస జరిమానా 25 వేల రూపాయలు. తీవ్ర గాయమైతే 5 వేలు. శాశ్వతంగా చూపు పోవడం కూడా ఆ 5 వేల లెక్కలోదే. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల మీద కొత్త కోడ్ వచ్చింది. మనిషి చనిపోతే జరిమానా 5 లక్షలకు తగ్గదు, అందులో సగమైనా కుటుంబానికి ఇవ్వమని కోర్టు చెప్పవచ్చు. మంచి మార్పు, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అదంతా ప్రాణం పోయాక వచ్చే డబ్బు. ఇన్‌స్పెక్టర్‌ను ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్, అంటే తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చే అధికారి అంటున్నారు. యాజమాన్యానికి సలహా చెప్పడం తప్పేమీ కాదు. చెప్పింది చేశారో లేదో కళ్లతో చూడాలి కదా అంటున్నాను.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చి 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉంది, ఒక్కచోట కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. సైరన్ ఉంది, మోగలేదు. మా షవర్ ఉంది, నీళ్లు రాలేదు. అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది, 2024 ఆగస్టు 21న పక్కనే అచ్యుతాపురంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది. ఈ తేదీలు విశాఖలో ఎవరూ మర్చిపోరు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. తనిఖీలో ఏ లోపం దొరికిందో, ఏ తేదీలోగా సరిచేయాలో గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో పెట్టించండి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల భాషలో కూడా పెట్టాలి. షవర్, గ్యాస్ డిటెక్టర్, మెషీన్ గార్డు, అత్యవసర ద్వారం లాంటి ప్రాణం మీదికొచ్చే లోపాలైతే జవాబు ఉత్తరంతో, ఫోటోతో ఫైలు మూయకండి. గడువు రోజున ఇన్‌స్పెక్టర్ మళ్లీ రావాలి. అక్కడ షిఫ్టులో ఉన్న ఇద్దరు కార్మికుల ఎదుట నడిపించి చూసి, వాళ్ల సంతకం కూడా తీసుకోవాలి. అప్పటికీ పనిచేయకపోతే ఆ సెక్షన్ వరకు పని ఆపించాలి. ప్రాణాపాయం ఉన్నచోట పని ఆపించే అధికారం పాత చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది.

సిబ్బంది చాలరని మీ అధికారులు అనవచ్చు. అన్ని ఫ్యాక్టరీలకూ రెండోసారి వెళ్లమనడం లేదు, ప్రాణానికి సంబంధించిన లోపం దొరికిన చోటికే వెళ్లమంటున్నాను. దానికీ మనుషులు లేకపోతే నియమించాల్సింది మీరే. పరిశ్రమలు పారిపోతాయని కూడా అంటారు. నా పిల్లల చదువులు ఫ్యాక్టరీ జీతంతోనే అయ్యాయి, ఫ్యాక్టరీలు ఉండాలనే నా కోరిక కూడా.

ఆ కుర్రాడు ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. సంక్రాంతికి మా ఇంటికి వస్తాడు. మీరు ఈసారి విశాఖ వచ్చినప్పుడు, ముందు చెప్పకుండా ఏదైనా ఒక ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కడి సేఫ్టీ షవర్ గొలుసు మీ చేత్తో ఒక్కసారి లాగి చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జి,
గాజువాక, విశాఖపట్నం