అభయారణ్య సంచాలకుల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకుల వారికి,

నేను కెన్యాలో స్థిరపడిన తెలుగువాడిని, మీ అభయారణ్యంలో స్వచ్ఛందంగా ఏనుగుల లెక్కింపుకు సాయపడుతున్నవాడిని. పంపిన మూడు ఉత్తరాలకూ జవాబు రానందున ఈ విషయాన్ని నలుగురి ముందు ఉంచుతున్నాను.

గస్తీకి వాడే మన రెండు సీట్ల సూపర్ కబ్ విమానం ఐదు నెలలుగా షెడ్డు దాటలేదు. దాని రెక్కకు పైకప్పుగా ఉండే గుడ్డ చిరిగితే ఎవరో టేపు అంటించి వదిలేశారు. ఆ టేపూ ఊడి వేలాడుతోంది. చెట్ల మీదుగా నిదానంగా ఎగిరి, ఇసుక వాగులోనైనా దిగగల ఆ విమానం లేకపోవడంతో, గత నెల పాము కరిచిన కాపలాదారును జీపులో 9 గంటలు మోసుకెళ్లవలసి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు. తీగ ఉచ్చులో చిక్కిన ఏనుగు జాడను రాబందులు చూపేదాకా మాకు తెలియలేదు.

ఈ పనిలో ప్రమాదం లేదని నేననను. 1959లో నేటి టాంజానియాలోని సెరెంగెటిలో, విమానం నుంచి వన్యమృగాలను లెక్కించే పనిలో ఉన్న మైఖేల్ గ్రిమెక్, రాబందు ఢీకొని విమానం కూలి మరణించారు. అయినా 2014-15లో 18 దేశాల సవాన్నా ఏనుగులను లెక్కించింది ప్రధానంగా ఇలాంటి చిన్న విమానాల నుంచే.

కనుక జూన్‌లో పొడి కాలం మొదలయ్యేలోగా రెక్క బాగుచేయించి గస్తీని పునరుద్ధరించాలని, ఆ తేదీని 15 రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక స్వచ్ఛంద సేవకుడు