శ్రీశైలంలో 854 అడుగుల కింద టర్బైన్లు ఆపండి: ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

శ్రీశైలం డ్యాంలో నీళ్లెంత ఉన్నాయో తెలుసుకోవడానికి మా దగ్గర ఫోన్ తీయక్కర్లేదు. డ్యాం నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి శిఖరం బయటపడిందా లేదా అని అడిగితే చాలు. గుడి తేలిందంటే దూరం ఊళ్ల నుంచి జనం వస్తారు, వేపదారు లింగాన్ని చూస్తారు, ఫోటోలు తీసుకుని సంతోషంగా పోతారు. మాకు మాత్రం అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. శివుడు ఎంత తొందరగా దర్శనమిస్తే మా కాలువ అంత తొందరగా ఎండిపోయినట్టు.

మాది తెలుగుగంగ కాలువ కింద ఆరెకరాల సేద్యం. అంతకు ముందు మాకు కృష్ణ ఒడ్డున ఇంకో ఊరు ఉండేది. డ్యాం ముంపులో పోతుందని 1981లో ఖాళీ చేయించారు. వంద దాకా ఊళ్లు, లక్ష మందికి దగ్గరగా జనం అట్లా కదిలిపోయారు. మా జేజినాయన ఇంటి తలుపులు, దూలాలు పీకి ఎద్దులబండి మీద వేసుకొచ్చాడు, ఆ తలుపే ఇప్పటికీ మా ఇంటికి ఉంది. ముంపు కుటుంబానికో ఉద్యోగం అని 1986లో జీవో 98 వచ్చింది. కాలువ కాపలా చూసే లష్కర్ పోస్టు అయినా ఇస్తారని మా నాయన ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ, చివరికి దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. మా సీమ వాళ్లకు నీళ్లు తక్కువ, జీవో నంబర్లు ఎక్కువ గుర్తు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

ఈ లేఖలో అడిగేది ఒక్కటే. డ్యాంలో నీటిమట్టం 854 అడుగుల కంటే తక్కువున్నప్పుడు కరెంటు కోసమని నీళ్లు కిందికి వదలొద్దు. కుడి గట్టున మీరూ వదలొద్దు, ఎడమ గట్టున తెలంగాణ వాళ్లూ వదలొద్దు.

ఈ అంకె నేను కనిపెట్టింది కాదు. 1996లో జీవో 69 తెచ్చి కనీస మట్టాన్ని 854 నుంచి 834కు దించారు. సీమలో గొడవలయ్యాక 2004లో జీవో 107తో మళ్లీ 854కు తెచ్చారు. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ ఏ ఏడాదైనా వానలు కాస్త వెనకబడితే చాలు, ఆ అంకెను ఎవరూ లెక్కచేయరు. 2021 జులైలో చూశాం కదా, డ్యాం ఇంకా నిండకముందే టర్బైన్లు తిరగడం, రెండు రాష్ట్రాల మధ్య మాటా మాటా పెరగడం, ప్రాజెక్టుల దగ్గర పోలీసులు కాపలా ఉండటం. మన వాళ్లు తక్కువ తిన్నారని కూడా నేను అనను. అవతలి వాళ్లు తిప్పుతున్నారు కాబట్టి మేమూ తిప్పుతాం అన్న పోటీలో రెండు గట్లూ ఒకటే.

854 ఎందుకంటే, డ్యాం నుంచి మా కాలువలకు నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు తూము అడుగు 841 దగ్గర ఉంది. నీళ్లు 841లో ఉంటే కాలువలోకి చుక్క రాదు. 854 దగ్గర ఏడు వేల క్యూసెక్కులు వస్తే గొప్ప. ఈ మధ్య కొందరు టీవీల్లో 44 వేల క్యూసెక్కులు దోచుకుపోతున్నారు అని అరుస్తుంటారు, ఆ 44 వేలు లాగాలంటే డ్యాం 880 దాటి నిండుగా ఉండాలి. అంటే ఏడాదిలో కొన్ని రోజులు, అదీ వరద వస్తేనే. ఆ కొన్ని రోజుల్లోనే తెలుగుగంగ, ఎస్సార్బీసీ (శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ), గాలేరు-నగరి, పైగా చెన్నైకి 15 టీఎంసీల తాగునీళ్లు, అన్నీ ఆ ఒక్క తూములోంచే పోవాలి. మరి రెండు పవర్‌హౌస్‌లూ పూర్తిగా తిరిగితే రోజుకు ఐదారు టీఎంసీలు సాగర్ వైపు దిగిపోతాయి. జులై, ఆగస్టుల్లో మట్టం పైకి లేచే టైంలో ఓ పది రోజులు అట్లా తిప్పితే, ఆ ఏడు మా తూము దాకా నీళ్లు ఎక్కేది ఎప్పుడు, మేం నారు పోసేది ఎప్పుడు?

1963 జులైలో నెహ్రూ గారు శంకుస్థాపన చేసినప్పుడు దీని పేరే శ్రీశైలం జలవిద్యుత్ ప్రాజెక్టు. సాగునీటి మాట తర్వాత వచ్చింది. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ డ్యాంలో ఆవిరైపోయే నీళ్ల కోసం 33 టీఎంసీలు లెక్కకట్టి ఇచ్చింది. ఎండకు ఇచ్చారు, పక్కనే ఎండుతున్న చేనుకు ఇవ్వలేదు! 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకే మొదటి ప్రాధాన్యం అన్నారు. మా జేజినాయన పుట్టకముందు మాట అది.

డ్యాం కట్టిన రోజుల్లో ఈ కరెంటుకు విలువ ఉంది, ఒప్పుకుంటాను. 1982లో కుడి గట్టున మొదటి యూనిట్ తిరిగినప్పుడు రాష్ట్రమంతా కోతలే. తర్వాత కుడి గట్టున 770 మెగావాట్లు, ఎడమ గట్టున 900 మెగావాట్లు వచ్చాయి. కానీ సార్, ఇప్పుడు మా జిల్లాలో ఏముందో ఒకసారి చూడండి. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల పొలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. ఒకప్పుడు ఎందుకూ పనికిరాదన్న ఎండే ఇప్పుడు కరెంటు ఇస్తోంది. ఎండతో కరెంటు తీయొచ్చు, గాలితో తీయొచ్చు, బొగ్గుతో తీయొచ్చు. శనగ చేనుకు, మిరప తోటకు మాత్రం నీళ్లే కావాలి.

దీనికి మీ ఇంజనీర్లు ఏం చెబుతారో నాకు తెలుసు. సాయంత్రం ఎండ పోగానే లోడ్ పెరుగుతుంది, ఆ టైంలో నిమిషాల్లో అందుకునేది హైడల్, అంటే నీళ్లతో తీసే కరెంటు ఒక్కటే అంటారు. నిజమే, కాదనను. అయితే ఆ అవసరం సాయంత్రం రెండు మూడు గంటలది, రాత్రింబగళ్లు తిప్పడానికి అది సాకు కాదు. ఇంకోటి, ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో ఆరు యూనిట్లూ రివర్సిబుల్ మిషన్లే కదా, కింది నీళ్లను పైకి తోయడానికి పెట్టినవే. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలినప్పుడు వాటిని వెనక్కి తిప్పి సాయంత్రం వాడిన నీళ్లు మళ్లీ డ్యాంలోకి ఎత్తమని తెలంగాణతో కూర్చుని మాట్లాడండి. తగాదా కన్నా ఇది రెండు రాష్ట్రాలకూ చవక.

సాగర్ కింద, డెల్టాలో ఉన్నది కూడా రైతులే. వాళ్ల తాగునీటికి, పంటకు కావాల్సినప్పుడు లెక్క ప్రకారం వదలండి, ఆ నీళ్లతో కరెంటూ తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. వరదొచ్చి గేట్లు ఎత్తినప్పుడు అన్ని యూనిట్లూ తిప్పుకోండి. మేం వద్దంటున్నది ఒక్కటే, కింద ఎవరూ అడగకపోయినా, డ్యాం సగం కూడా లేకపోయినా, కరెంటు పేరు చెప్పి నీళ్లు దించేయడం. అసలు ఈ డ్యాం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు నిండా నింపినా 215 చిల్లర. 854 దగ్గర ఉండేది తొంభై లోపే. ఇంత తక్కువ నీళ్లతో ఆటలాడుకునే స్థితిలో ఎవరం లేము. పూడిక సంగతి, గేట్ల నీళ్లు పడి డ్యాం దిగువన ఏర్పడిన ఆ పెద్ద గుంత సంగతి కూడా చూడాలి, 2009 వరదలో కర్నూలు మునిగిన రోజు గుర్తున్న వాళ్లకు ఆ భయం ఇంకా పోలేదు.

రెండు రాష్ట్రాల మధ్య నీళ్ల సంగతి చూడాల్సిన కృష్ణా బోర్డు చూసుకుంటుంది అని మాత్రం జవాబు రాయకండి. 2021లో ప్రాజెక్టులు బోర్డుకు అప్పగించాలని కేంద్రం గెజిట్ ఇచ్చినా పవర్‌హౌస్‌ల తాళాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో మీకే బాగా తెలుసు. ముందు మన కుడి గట్టుకు మీరే రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి, 854 కింద యూనిట్ ఆన్ చేయాలంటే ఎవరు సంతకం పెట్టారో, ఎందుకు పెట్టారో అదే రోజు జనానికి తెలిసేలా రాయండి. మన చేతులు శుభ్రంగా ఉంటే అవతలి గట్టును అడగడానికి నోరు వస్తుంది.

ఇంకో జీవో ఇస్తే ఇవ్వండి సార్. 69, 107, 98 పక్కన ఇంకో నంబరు గుర్తుపెట్టుకోవడం మాకు కష్టమేం కాదు.

ఇట్లు,
శ్రీశైలం ముంపు కుటుంబం వాడు, తెలుగుగంగ ఆయకట్టు రైతు