వార్షిక నివేదిక 2025–26: తొమ్మిది దరఖాస్తులు, ఒక దీర్ఘం

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా ఒడిశాలోని మన చిన్న పట్టణంలో, మన సంఘం తరఫున పట్టణ కౌన్సిల్ ఆఫీసుకి తొమ్మిది దరఖాస్తులు ఇచ్చాం. మూడింటికి పని పూర్తయింది. రెండు సగంలో ఉన్నాయి. ఒకటి మన తప్పు వల్లే మూతబడింది, దాని కథ కింద చెప్తాను. మిగిలిన మూడూ ఏ బల్ల మీద ఉన్నాయో వెళ్లి కనుక్కుంటూనే ఉన్నాం.

పోయినేడు ఇచ్చింది ఒక్కటే దరఖాస్తు. అందులో పదిహేడు కోరికలు. రోడ్లు, లైట్లు, డ్రైనేజీ, కుక్కలు, కోతులు, పార్కు, బస్టాండులో మరుగుదొడ్డి, ఇంకా ఏవేవో. రెండు వందలకి పైగా సంతకాలు చేయించి, అందరం మెట్ల మీద నిలబడి ఫోటో దిగి మరీ ఇచ్చాం. ఒక్క పనీ జరగలేదు. సర్వసభ్య సమావేశంలో చాలామంది ఆఫీసువాళ్లని తిట్టారు. నేనూ తిట్టాను. తర్వాత ఆ కాగితం తీరిగ్గా చదివితే, పదిహేడింట్లో ఒక్కదానికీ చోటు రాయలేదని తెలిసింది. "మా ప్రాంతంలో వీధి దీపాలు సరిగా వెలగడం లేదు" అని ఉంది. ఏ వీధి? ఏ స్తంభం? లైట్లు చూసే అబ్బాయి ఊరంతా తల పైకెత్తుకుని తిరగాలా?

అందుకని ఈసారి ఒక పనికి ఒక కాగితం. చోటు ఎక్కడ, దగ్గర్లో ఉన్న ఇంటి హోల్డింగ్ నంబరు (ఇంటి పన్ను నంబరు) ఎంత, ఎప్పటినుంచి ఇబ్బంది, ఒక ఫోటో. సంతకాలు ఆ వీధివాళ్లవే, పదో పన్నెండో. కాగితం అందినట్టు ఆఫీసు రిజిస్టరులో ఎక్కించే డైరీ నంబరు వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగకూడదని కార్యవర్గంలో తీర్మానం కూడా చేసుకున్నాం. నవ్వకండి, పోయినేడు కాగితానికి ఆ నంబరే లేదు.

వీధి దీపాల సంగతి ముందే చెప్పేస్తాను, అందులో పెద్దగా చెప్పేదేమీ లేదు. నంబరు లేని స్తంభాలకి మన కుర్రాళ్లు పెయింటుతో నంబర్లు వేశారు, జాబితా ఇచ్చాం, మూడు వారాల్లో దాదాపు అన్నీ వెలిగాయి. గుడి వెనక సందులో ఒకటి మాత్రం పగలంతా వెలిగి రాత్రి ఆరిపోతోంది. దాని మీద మళ్లీ రాశాం. బడి ముందు స్పీడ్ బ్రేకరు, శ్మశానం దారిలో బోరింగు బాగుచేయడం కూడా పూర్తయ్యాయి.

బజారు కాలువ

అసలు ఏడాదంతా తినేసింది ఇదే.

బస్టాండు మలుపు నుంచి బజారు వెంట వెళ్లి కల్వర్టు దగ్గర పెద్ద కాలువలో కలిసే డ్రైను గురించి రథయాత్రకి వారం ముందు దరఖాస్తు ఇచ్చాం. నాలుగో రోజే ఒకాయన స్పానరు పట్టుకుని వచ్చాడు. ఇంత తొందరగానా అని మనవాళ్లు టీ తెప్పించారు. "ఏ నళ పాడైంది?" అని అడిగాడు. కాలువ చూపించాం. ఆయన కాలువని చూశాడు, చేతిలో కాగితాన్ని చూశాడు, మళ్లీ కాలువని చూశాడు. "ఇందులో నళ అని ఉంది బాబూ" అన్నాడు.

ఒడియాలో నళ అంటే గొట్టం, కుళాయి. నాళ అంటే మురుగు కాలువ. టైపు కొట్టించినప్పుడు దీర్ఘం పోయింది, మనలో ఎవరం చూసుకోలేదు. కాగితం నేరుగా నీటి సరఫరా వాళ్లకి వెళ్లింది. "కుళాయి బాగానే ఉంది" అని రాసి ఫైలు మూసేశారు. వాళ్ల తప్పేమీ లేదు, ఆ వీధిలో కుళాయి నిజంగానే బాగుంది.

దీర్ఘం పెట్టి రెండో కాగితం ఇచ్చేలోపు వానలు పడ్డాయి. దిగువ సాహిలో (దిగువ వాడలో) ఆరిళ్లలోకి మురుగు వచ్చింది. టిఫిన్ దుకాణం పిన్ని పొయ్యిని బల్ల మీదికి ఎత్తుకుంది గానీ, గ్రైండరు ఎత్తలేకపోయింది. మోటారు తడిసి కాలిపోయింది. నాలుగు రోజులు ఇడ్లీ లేదు, ఉప్మాతోనే నడిపింది.

రెండో కాగితానికి జె.ఇ. (జూనియర్ ఇంజనీరు) గారే వచ్చారు. టేపు పట్టి కొలిచారు. తర్వాత ఆయన అడిగింది ఒకే మాట: "శుభ్రం చేసేవాళ్లు ఎక్కడ దిగాలి?" మలుపు నుంచి కల్వర్టు దాకా కాలువ కనబడదు. ప్రతి కొట్టు ముందూ మెట్టు కోసమనో, సామాను పెట్టుకోవడానికనో సిమెంటు పలక పోసేశాం. మీరు పలకలు తీయించండి, నేను మనుషుల్ని పంపిస్తాను అన్నారు. ఆయన వెంట వెళ్లింది ఐదుగురం. అందులో ముగ్గురి కొట్ల ముందు పలకలున్నాయి. నా పుస్తకాల కొట్టు వాటిలో ఒకటి. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి షట్టర్లు దించాక రైస్ మిల్లు అరుగు మీద కూర్చున్నాం. పలక తీస్తే కొనేవాళ్లు ఎక్కడ నిలబడతారని కొట్లవాళ్లు, ముందు కౌన్సిల్‌ని కొత్త కాలువ కట్టమనండి అని ఇంకొకరు. దిగువ సాహి నుంచి వచ్చిన ఒకావిడ, "నీళ్లొచ్చేది మా వంటింట్లోకి గానీ మీ గల్లాపెట్టెలోకి కాదు కదా" అంది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి దారి చూపించింది ఇనుప సామాన్ల కొట్టు బాబాయి. రెండడుగుల వెడల్పు పలకలు విడివిడిగా పోసుకుని, ఒక్కోదానికి రెండు కొక్కేలు పెడితే గునపంతో ఇద్దరు ఎత్తేయొచ్చు అన్నాడు. కొక్కేలు కొన్న ధరకే ఇచ్చాడు. ఆదివారం పొద్దున్నే తన పలకే ముందు పగలగొట్టించాడు. ఆ సుత్తి చప్పుడికి మిగిలినవాళ్లం ఒక్కొక్కరం బయటికొచ్చాం.

తీశాక ఏం కనబడిందో రాసి పెట్టాలి. మోకాలి లోతు నల్ల బురద, కొబ్బరి డొక్కలు, పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, చీరల అట్టపెట్టెలు, ఎవరిదో తూకం రాయి. నా కొట్టు ముందు తీసినవాటిలో నా కొట్టు పేరున్న సంచులే ఎక్కువ. మా అబ్బాయి ఒకటి కడిగి గల్లా మీద పెట్టాడు. ఇంకా అక్కడే ఉంది.

జె.ఇ. గారు మాట ప్రకారం మనుషుల్ని పంపారు. రెండు రోజుల్లో కాలువ శుభ్రమైంది. కానీ తీసిన బురద రోడ్డు పక్కనే తొమ్మిది రోజులు ఉంది. బడి పక్కన ఆ కంపు భరించలేక సంఘం డబ్బుతో ట్రాక్టరు మాట్లాడి ఎత్తించాం. పన్నూ మనమే కట్టి, ట్రాక్టరు బాడుగా మనమే కట్టాలా అని కార్యవర్గంలో ఒకరు అభ్యంతరం చెప్పారు. మినిట్స్‌లో రాశాం. ఆయన అన్నది న్యాయమే. అయినా ఎత్తించాం.

అక్టోబరు వానలకి నీళ్లు గడపల దాకా వచ్చి ఆగాయి. రెండు చోట్ల మాత్రం లోపలికి వెళ్లాయి. ఆ రెండు చోట్లా కాలువకి ఎగువన ఉన్న కొట్లవాళ్లు పలక తీయలేదు. పేర్లు రాయడం లేదు, మీకు తెలుసు.

కల్వర్టు వెడల్పు చేయడం మీద సమాచార హక్కు కింద అడిగాం. 'ఫారం ఏ' అనే దరఖాస్తు నింపి, పది రూపాయల ఫీజు కట్టి ఇచ్చాం. చట్టంలో 30 రోజుల గడువు ఉంది, గడువులోపే జవాబు వచ్చింది. అంచనా తయారైందట, నిధులు మంజూరు కాలేదట. ఇది తెలియక రెండేళ్లుగా అంచనా వేయండి మహాప్రభో అని రాస్తూనే ఉన్నాం. ఇక మీదట బడ్జెట్‌లో పెట్టమని అడుగుతాం.

ఏ భాషలో రాయాలి

దీని మీద కార్యవర్గంలో రెండుసార్లు గొడవ జరిగింది. తెలుగులో రాసిన కాగితం ఇస్తే, కౌంటరు దగ్గర గుమాస్తా మర్యాదగానే, ఒడియాలో తెస్తే పని తొందరగా అవుతుందన్నాడు. కొందరికి కోపం వచ్చింది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. అది నిజం, వదులుకోవద్దు. 1954 చట్టం ప్రకారం ఇక్కడ అధికార భాష ఒడియా. అదీ నిజమే. కాలువలోకి దిగేవాళ్లకి కాగితం చదివి చెప్పే మనిషికి తెలుగు రాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం కాక ముందు మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా ఇంట్లో తాతగారి భూమి కాగితాలు తెలుగులో ఉన్నాయి, నాన్నగారివి ఇంగ్లీషులో, మా అబ్బాయి పేర రాయించినవి ఒడియాలో. భూమి అదే, గట్టు కూడా జరగలేదు. ఇప్పుడు మాకు తెలుగు రాయడం వచ్చు, ఒడియా రాదు. మా పిల్లలకి ఒడియా రాయడం వచ్చు, తెలుగు రాదు. అందుకని ఒకే కాగితం మీద పైన ఒడియా, కింద తెలుగు. పైది కాలేజీ పిల్లలు రాస్తారు, కిందది మేం రాస్తాం. రెండూ ఒకటే చెప్తున్నాయో లేదో ఒడియా మాష్టారు ఒకరు చూసి పెడుతున్నారు. దీర్ఘాలు ఆయనకే అప్పగించాం.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒడియాలో ఫిర్యాదుని అభియోగ అంటారు. ఆ మాట చూసి మన పెద్దాయన ఒకరు సంతకం పెట్టనన్నారు. "ఎవరి మీద అభియోగం? ఈ వయసులో నేనెవరి మీదా కేసు పెట్టను" అని. ఆయన్ని ఒప్పించడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

తోపుడు బళ్ల సంగతి

ఇది తేలలేదు. కూరగాయల బళ్లు బజారు రోడ్డు మీంచి తీయించాలని కొట్లవాళ్లు కొందరు దరఖాస్తు రాసుకొచ్చారు. సంఘం ముద్ర వేయడానికి కార్యవర్గం ఒప్పుకోలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. కాబట్టి మనం ఆ కమిటీ వేయమనీ, బళ్లకి చోటు చూపించమనీ అడిగాం. దీనివల్ల ముగ్గురు చందా ఆపేశారు. నా మటుకు నాకు, ఆ బళ్ల దగ్గరే కూరలు కొంటూ వాటిని తీయించమని సంతకం పెట్టడం కుదరదు.

లెక్కలు

పుస్తకం మిల్లు ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఖర్చులో పెద్దది ట్రాక్టరు బాడుగ, తర్వాత జిరాక్సులు, ఆ తర్వాత టీలు. టీల ఖర్చు తగ్గించమని ట్రెజరర్ గారు మూడోసారి చెప్తున్నారు.

వచ్చే ఏడాది

2022 మార్చిలో మొదటిసారి కౌన్సిల్ చైర్‌పర్సన్‌కి మనం నేరుగా ఓటేశాం. ఐదేళ్ల గడువు 2027తో ముగుస్తుంది. ఓట్లు దగ్గర పడితే మాటలు పెరుగుతాయి, కాగితాలు కదలవు. కల్వర్టు సంగతి ఈ ఏడాదిలోనే తేల్చుకోవాలి. మనది చిన్న పట్టణం. రాజ్యాంగం వార్డు కమిటీలు తప్పనిసరి చేసింది 3 లక్షలు, ఆ పైన జనాభా ఉన్నచోటే. కాబట్టి కౌన్సిలర్ మన గుమ్మానికి రాకపోతే మనమే వాళ్ల గుమ్మానికి వెళ్లాలి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టర్ ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ ఉంది.

ఆ రెండు పలకలు ఇంకా అలాగే ఉన్నాయి. జూన్‌లో వానలు మొదలవుతాయి. వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి ఆ రెండు కొట్లవాళ్లతో మాట్లాడటానికి వెళ్తున్నాం. గొడవకి కాదు. బాబాయి కొక్కేలు తెస్తానన్నాడు, గునపం నా దగ్గర ఉంది. రాగలిగినవాళ్లు మిల్లు దగ్గరికి రండి.

— కార్యదర్శి