సుజాతకు, కడప నుంచి

కడప,
ఆదివారం పొద్దున

సుజాతా,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం చేరింది. బడిలో చేర్చి నెలన్నరయినా పాప గోడకానుకొని ఒక్కతే కూచుంటాందని, ఇంట్లో మాత్రం నోరు మూయదని రాసినావు. దిగులుపడే ముందు ఒకటి కనుక్కోవే. అట్ల కూచున్నప్పుడు దాని చూపు యాడుంటాంది?

ఆడే పిల్లల మీదుంటే అది ఉత్తగా కూచున్నట్టు కాదు. మూడేళ్ల పిల్లలు మొదట ఒంటరిగా ఆడతారు, పక్కోళ్లను చూస్తా ఉంటారు, తర్వాత పక్కపక్కనే కూచుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. కలిసి ఆడేది అన్నిటికంటే చివర. పిల్లల ఆటలను గమనించిన మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే ఈ మెట్లు రాసిపెట్టింది. బంకమట్టి పిసుకుతా తన లోకంలో తానుంటే కూడా భయం లేదు. పిల్లల దిక్కు రెండడుగులేసి, ఆగిపోయి, గౌను అంచు నలుపుకుంటా నిలబడితే మాత్రం మనం చేయందించాల. పోవాలనుంది, ఎట్ల పోవాల్నో తెలీదు పాపం.

అట్లని రెక్క పట్టుకొని గుంపులోకి తొయ్యొద్దని ఆయాకు చెప్పు. పది నిమిషాలు ముందే బడికి తీసుకుపో. గది నిండినాక లోపలికి పోవాలంటే దానికి గుండె దడ. ముందే పోయి కూచుంటే మిగతావాళ్లే ఒక్కొక్కరుగా దాని దగ్గరికొస్తారు. వదిలేటప్పుడు ఒక్కమాట చెప్పి కదులు. కనపడకుండా జారుకుంటే మర్నాడు నీ కొంగు అసలు వదలదు.

ఆదివారం ఒక్క పిల్లను ఇంటికి పిలువు. ఒక్కర్నే. ఇద్దర్ని పిలిస్తే వాళ్లిద్దరూ జతకట్టి మనది మళ్లీ గోడ పక్కకే పోతుంది. నెమ్మదైన పిల్ల అయితే మేలు, ఏడాది చిన్నదైతే ఇంకా మేలు. చిన్నపిల్లతో ఆడేటప్పుడు ఆట నడిపేది మన పాపే కదా, ధైర్యం ఆడ పుడుతుంది. చెరొక చపాతీ పిండి ముద్ద ఇయ్యి, అప్పడాల కర్ర మాత్రం ఒక్కటే పెట్టు. కర్ర కావాలంటే వేలన్నా చూపాల, చెయ్యన్నా చాపాల. నువ్వు అందించొద్దు. దానికి ప్రాణమైన బొమ్మ ఉంటే ముందే దాచిపెట్టు, లేకుంటే కొట్లాటే. నలభై నిమిషాలు చాలు, బాగా ఆడుతుండంగానే ఆపేయ్.

"నీ పేరేంది?" అని అడిగేది మానుకోండి. సిగ్గరి పిల్లకు అంతకంటే కష్టమైన ప్రశ్న లేదు. "ఎర్రదా, పచ్చదా?" అని అడిగి మనసులో అయిదు లెక్కబెట్టు. మనం రెండో సెకనుకే బదులు మనమే చెప్పేస్తాం, దాని మాట గొంతులోనే ఉండిపోతుంది. మాట్లాడినప్పుడు చప్పట్లు కొట్టొద్దు, అందరూ తననే చూస్తే ముడుచుకుపోతుంది. అడిగింది చేతికియ్యి, అంతే. చుట్టాల ముందర "మా పాపకు సిగ్గండీ" అనొద్దు. "కాసేపు చూసి వస్తుంది" అను.

ఒంటేలుకు పోవాలని అడగలేక బిగబట్టుకుంటాందేమో టీచర్ను అడుగు. పిల్లలు చెప్పరే ఈ సంగతి. చిటికెన వేలు చూపితే చాలని ముందే ఒప్పందం చేసుకో.

ఇంట్లో గలగల మాట్లాడే బిడ్డ బడిలో ఒక్కరితో కూడా మాట్లాడకపోతే దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు, ఆ తర్వాత ఇంకో నెల చూస్తారు. మీకింకా పదిహేను రోజులుంది. అప్పటికీ అట్లే ఉంటే పిల్లల మానసిక నిపుణులకు చూపించు, పెద్దయితే అదే పోతుందిలే అని వదలొద్దు. చెవుల పరీక్ష మాత్రం ఇప్పుడే చేయించు, జలుబు ఎక్కువగా ఉండే పిల్లలకు సరిగ్గా వినపడకపోవచ్చు. మీ పక్కింటి ఉర్దూ పిల్లల మాదిరి ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయిన పిల్లలు కొన్ని నెలలు మౌనంగానే వింటారు, అది వేరే సంగతి.

వచ్చే ఆదివారం పిండి కలుపు. కర్ర ఎట్ల అడిగిందో మర్చిపోకుండా రాయి.

నీ
లలిత