తరగతి గదిలో ‘కొత్త వాసన’

సంపాదకుడు గారికి,

గుంటూరులో నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. ఈ ఉత్తరంలో నేను ఎత్తిచూపే తప్పులో నా చెయ్యి కూడా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మొన్న వేసవిలో మా ఊళ్లో ఒక ప్రైవేటు పాఠశాల వాళ్లు ఆరు తరగతి గదులకు కొత్త బల్లలు, గోడ బీరువాలు చేయించుకున్నారు. సెలవులన్నీ గడిపేసి మే నెలాఖరులో పని అప్పజెప్పారు. జూన్ 12న బడి తెరవాలి. టేకు ఊసే లేదు, అంతా ఎండీఎఫ్ బోర్డు, అంటే కలప పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, పైన సన్‌మైకా. రోహిణి కార్తె ఎండకు రబ్బరు జిగురు డబ్బా మూత తీస్తే చాలు, కళ్లు మండిపోయేవి. అరగంటకోసారి వరండాలోకి వచ్చి మజ్జిగ తాగి మళ్లీ లోపలికి వెళ్లేవాళ్లం. మా కుర్రాడొకడు తల తిరుగుతోందని రెండు రోజులు పనికే రాలేదు. 10వ తేదీ రాత్రి చివరి అర బిగించాం. 11న గోడలకు రెండో పూత పడింది. 12న పిల్లలు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో రెండో తరగతి చదివే నా మనవరాలు కూడా ఉంది.

సాయంత్రం కళ్లు నులుముకుంటూ వచ్చి, “తాతయ్యా, మా క్లాసంతా నీ చొక్కా వాసనే” అంది.

కళ్ల ఎరుపు ఆ గది వల్లే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను. అయినా మనసు ఊరుకోక, కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే మా అల్లుడిని అడిగాను. బోర్డులో కలప పొట్టును పట్టి ఉంచే జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన రసాయనం ఉంటుందట. అది నెలల తరబడి గాలిలోకి వస్తూనే ఉంటుంది, వేడికీ తేమకూ మరింత వస్తుంది. మన జూన్ నెలలో రెండూ ఉంటాయి. 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. అరగంట సగటున ఘనపు మీటరు గాలిలో 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గది కొలతలు నా దగ్గర ఎలాగూ ఉన్నాయి, 20 అడుగులు, 18, ఎత్తు 11. లెక్క కడితే గది మొత్తానికి 11 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా ఇంతకంటే చాలా బరువు తూగుతుంది.

మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు వస్తే తుమ్మి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాం. ఈ వాసనకు మాత్రం ముక్కు అలవాటు పడిపోతుంది. పైగా తల్లిదండ్రులకు అది కట్టిన ఫీజు వాసనలా బాగానే ఉంటుంది! బడివాళ్లు సువాసన డబ్బా ఒకటి తెచ్చి దాని మీద చల్లారు, అంటే ఉన్న రసాయనాలకు ఇంకొకటి జోడించారు.

అన్నిటికంటే నన్ను కలచివేసేది కిటికీల సంగతి. ఏసీ చల్లదనం పోకూడదని వాటిని మా చేతే స్క్రూలతో బిగించేయించారు. గోడకు పెట్టే ఏసీ బయటి గాలిని తేదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. నలభై మంది వదిలిన ఊపిరి, బోర్డు వాసన, రంగు వాసన అన్నీ అక్కడే తిరుగుతాయి. బడికి గుర్తింపు ఇచ్చేటప్పుడు అగ్నిమాపక పత్రం అడుగుతారు కదా, కిటికీ రెక్క తెరుచుకుంటుందా అని కూడా ఒకసారి తోసి చూడమని విద్యాశాఖ అధికారులకు నా మనవి. బడివాళ్లు ఇలాంటి పనులు సెలవుల మొదటి వారంలోనే పెట్టుకుని, మిగిలిన రోజులు తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఫ్యాన్లు వేసి ఉంచాలి. బోర్డు కొనేటప్పుడు ఈ-1 గానీ ఈ-0 గానీ ముద్ర ఉందేమో చూడాలి. అవి తక్కువ వాయువు వదిలే రకాలు, ధర కొంచెం ఎక్కువ. నలభై ఏళ్లలో ఆ ముద్ర ఉందా అని నన్ను అడిగిన గిరాకీ ఒక్కరూ లేరు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఆదివారం ప్రిన్సిపాల్ గారిని బతిమాలి, నా స్క్రూడ్రైవరు పట్టుకెళ్లి మనవరాలి గది కిటికీలు విప్పి వచ్చాను. మిగతా అయిదు గదులకు యాజమాన్యం అనుమతి కావాలన్నారు.

— ఒక వడ్రంగి, కొరిటెపాడు, గుంటూరు